కొండ మీద ఆ మధ్యాహ్నం

లిఫ్టు మెకానిక్కుకి రేడియో పిచ్చి అంటించింది బావే. అక్క పెళ్లైన కొత్తలో, కాలేజీ ల్యాబులో పనిచేసే బావ ఓ పాత సెట్టు తెచ్చి ముక్కలుగా విప్పి పోసుకుంటే, ఇతను పక్కన చేరి టంకం వేసిపెట్టాడు. ఇద్దరూ పరీక్ష రాసి, రేడియోలో ఊరూరి వాళ్లతో మాట్లాడే హామ్ లైసెన్సులు తెచ్చుకున్నారు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం, తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా పోటీ ఉంటుంది. ఎంతమందితో మాట్లాడితే అన్ని పాయింట్లు. ఎత్తు నుంచి పిలిస్తే దూరం వినబడుతుందని ఇద్దరూ కొండెక్కేవాళ్లు.

పోయినేడు చలి ఎముకలు కొరికేసింది. యాంటెన్నా గొట్టం పట్టుకుంటే అరచెయ్యి మొద్దుబారిపోయింది. డేరా వేశాక బావ ఇద్దరి ఫోన్లూ తీసుకున్నాడు.

"ఇవి దగ్గరుంటే రిసీవర్లో ఒకటే గోల బామ్మర్దీ. కారులో పడేస్తా."

మధ్యాహ్నం ఫ్లాస్కు కోసం కారు దగ్గరికి దిగినవాడు అరగంటకి గానీ రాలేదు.

"ఏంటి బావా ఇంతసేపు? కారుకి కాపలా కాశావా?"

"మూత బిగుసుకుపోయింది. నువ్వు కానీ, మనమే ముందున్నాం" అన్నాడు బావ, టీ పోసిస్తూ.

ఆ మధ్యాహ్నం వాతావరణం కలిసొచ్చి సిగ్నలు దూరం పోయింది. ఎప్పుడూ అందని ఊళ్లు అందాయి. సముద్రంలో ఓడ మీంచి ఒకాయన పలికితే మెకానిక్కు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. గొంతు బొంగురుపోయినా మైకు వదల్లేదు.

పొద్దుగూకి, పోటీ ముగిశాక బావ ఫోను తెచ్చిచ్చాడు. అక్క నుంచి పదకొండు కాల్స్.

"అత్తయ్యకి బాగోలేదటరా. ఆస్పత్రిలో ఉందట."

"ఎప్పట్నుంచి?"

బావ యాంటెన్నా తాడు విప్పుతూ ఉండిపోయాడు.

అమ్మ పదకొండింటికి వంటగదిలో పడిపోయింది. "వాడొచ్చాడా?" అని రెండుసార్లు అడిగింది. నాలుగింటికి పోయింది. కొండ నుంచి ఆస్పత్రికి గంటంబావు దారి. పన్నెండింటికే అక్క బావతో ఫోన్లో మాట్లాడింది.

"భయం లేదన్నాడు డాక్టరు. చెప్తే నువ్వు దిగిపోయేవాడివి. ఇంత జరుగుతుందని నేను కలగన్నానా?" అన్నాడు బావ ఆస్పత్రి వరండాలో. అంటున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. మెకానిక్కుకి ఆ ఏడుపు చూస్తే ఒళ్లు మండింది.

రెండు నెలలకి మొదటి బహుమతి షీల్డు వచ్చింది, ఇద్దరి పేర్లతో. తన పేరు తీసెయ్యమని మెకానిక్కు పోటీ పెట్టే క్లబ్బుకి ఉత్తరం రాశాడు. రూలేదీ తప్పలేదు కాబట్టి కుదరదని సెక్రటరీ జవాబిచ్చాడు. షీల్డు అక్కావాళ్ల హాల్లో టీవీ పక్కన పెట్టారు.

"దాన్ని ఎలా పెట్టుకున్నావే అక్కా, ఇంట్లో?"

"నాకు మాత్రం అమ్మ కాదట్రా?" అంది అక్క, బట్టలు మడతపెడుతూ. "ఆయన్ని రోజూ నిలదీసి, ఆయనతోనే కాపురం చెయ్యమంటావా? నీకైతే నీ ఇల్లు నీకుంది."

అతను లేచి వచ్చేశాడు. బావ చేసిన పని అందరికీ చెప్పుకోగలిగాడు గానీ, లోపల తొలిచేస్తున్న మాట ఎవరికీ చెప్పలేకపోయాడు. ఆస్పత్రిలో అమ్మ తనకోసం అడిగిన ఆ నాలుగు గంటలూ తను బతుకులో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాడు.

ఈ చలికాలం వెళ్లకూడదనే అనుకున్నాడు. తీరా ఆదివారం ఒక్కడే సెట్టు మోసుకుని కొండెక్కాడు. పదింటికి ఎక్కడినుంచో సన్నగా బావ గొంతు, ఎవరైనా వింటున్నారా అని పిలుస్తోంది. చాలాసేపు ఎవరూ పలకలేదు. చివరికి మెకానిక్కు మైకు తీసి తన లైసెన్సు నంబరు చెప్పాడు. తర్వాత బావ కొత్తవాళ్లకి చెప్పినట్టే తన నంబరు, సిగ్నలు ఎంత బాగుందో చెప్పాడు. ఇతనూ చెప్పాడు.

"ఒరేయ్..." అన్నాడు బావ.

మెకానిక్కు డయలు తిప్పేశాడు. వేళ్లు కొంకర్లు పోతుంటే ఊదుకుని, మాట్లాడినవాళ్లని రాసుకునే లాగ్‌బుక్కులో టైము రాసి, బావ నంబరు రాశాడు. ఇద్దరికీ చెరో పాయింటు.