బావగారు పిలిచిన సాక్షి

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆమె ఆ ఉదయం దుకాణం తెరవకుండా కోర్టు హాలుకు వచ్చింది. భర్త పోయి ఏడాది తిరక్కుండానే బావగారు దావా వేశాడు. తండ్రి లేని పిల్లల్ని తండ్రి అన్నదమ్ములే పెంచాలట, అది వాళ్ల వంశాచారం. ఆమె పుట్టింటి వైపు పిల్లలెప్పుడూ తల్లి దగ్గరే ఉంటారు. కానీ చట్టం తండ్రి వైపు ఆచారాన్నే చూడమంది. రాసినవాళ్లందరూ తండ్రులే మరి. పిల్ల మేలుకు అడ్డమైతే తప్ప అని చివర ఒక ముక్క తగిలించారు గానీ, దాని జోలికి ఇంతవరకూ ఎవరూ పోలేదు.

ఆరేళ్ల కూతురు ఆమె వేలు వదలకుండా పక్కనే కూర్చుంది.

బావగారు మంచివాడే, అదే పెద్ద చిక్కు. తాగడు, తిట్టడు, పిల్లకు విడిగా గది కూడా సిద్ధం చేయించాడు. ఆచారం రుజువు చేయడానికి తన కన్నతల్లినే సాక్షిగా తెచ్చాడు. ఆవిణ్ణి చూడగానే కోడలికి ఉన్న కాస్త ఆశా నీరుగారిపోయింది. ఇన్నేళ్లలో ఈ కోడలు వండిన కూర బాగుందని అన్న పాపాన పోలేదు ఆ అత్తగారు.

"మన ఇంట్లో ఇదే పద్ధతి కదమ్మా? జడ్జిగారికి చెప్పు," అన్నాడు బావగారు ధీమాగా.

"అవును, ఇదే పద్ధతి," అంది అత్తగారు. "మీ నాన్న పోగానే నిన్నూ తమ్ముణ్ణీ మీ పెదనాన్న తీసుకెళ్లాడు. బాగానే చూసుకున్నాడు, చదివించాడు. మొదటి సెలవులకి వచ్చి, వంటగది గుమ్మంలో నిలబడి, నీళ్లు తాగొచ్చా అని నన్నడిగావు. నా కొడుకువి, నా ఇంట్లో. ఆ రోజు చచ్చిపోవాలనిపించింది. నన్నెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు."

వాదించబోయిన తన వకీలును బావగారే చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. తలెత్తలేదు.

జడ్జమ్మగారు కాగితాలు పక్కన పెట్టింది. "ఆచారం ఉందని రుజువైంది. దానివల్ల ఏం జరుగుతుందో కూడా రుజువైంది. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది."

కోడలు ఏడుస్తూ, నవ్వుతూ వెళ్లి అత్తగారిని వాటేసుకుంది. జన్మలో ఇంత సంతోషం ఎరగదు.

"సర్లేవే, ముందు పిల్ల ముక్కు తుడువు," అంది అత్తగారు.

వెనక బెంచీలో తన పిల్లల కేసు కోసం ఎదురుచూస్తున్న ఇంకో తల్లి లేచి తన వకీలు దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, మా అత్తగారిని కూడా పిలిపించండి."