దయ్యాల వేసవి

నాచారం గ్రంథాలయంలో వేసవి పుస్తక పఠనానికి ఈసారి గ్రహాలు, నక్షత్రాలు అంశంగా పెడదామంది లైబ్రేరియన్ విజయశ్రీ. పిల్లలు ముఖాలు వేలాడేశారు.

“దయ్యాలు పెట్టున్రి మేడం, మస్తుంటది,” అంది పదేళ్ల సిరి.

“అమ్మో! చిన్నపిల్లలు జడుసుకోరూ?”

“మేం గాదు, మీరే భయపడుతున్నరు.”

విజయశ్రీకి నవ్వొచ్చింది. కాకినాడలో గడిపిన చిన్నతనం నుంచీ ఆమెకు దయ్యాలంటే హడలే. “నిజమేనే తల్లీ,” అని ఒప్పుకుంది.

“ఫికర్ జెయ్యకున్రి. మీ పక్కన నేను కూసుంట.”

సరేనంది విజయశ్రీ. మొదటి రోజు ఆమె చదువుతున్న కథ మంచి పట్టులో ఉండగా గాలికి కిటికీ రెక్క దభాలున కొట్టుకుంది. అందరికంటే ముందు కెవ్వుమన్నది విజయశ్రీయే. పిల్లలు పడీపడీ నవ్వారు.

ఆ సంగతి విని మర్నాడు ఉప్పల్ నుంచి కూడా పిల్లలొచ్చారు. చాపలు చాలలేదు.

“మేడం, ఇయ్యాల గూడ అరుస్తరా?” అని అడిగాడొకడు.

“కథ బాగుంటే తప్పకుండా అరుస్తాను,” అంటూ ఆమె పుస్తకం తెరిచింది.