ఏడో నంబరు గది స్టూలు

నేను ఒక ఇనుప స్టూలును. గాజువాకలో ఒక వెల్డింగు షెడ్డులో పుట్టాను. భోజనం వేళ దాటిపోతోందన్న ఆత్రంలో పనివాడు నా నాలుగో కాలిని గింజంత పొట్టిగా అతికించాడు. అందుకే నా మీద నిమ్మళంగా కూర్చున్నవాళ్లు తక్కువ. రెండేళ్లు ఎముకల వార్డులో, కొన్నాళ్లు పళ్ల డాక్టరు దగ్గర ఉండి, చివరికి ఒక పెద్దాసుపత్రి మానసిక విభాగంలో ఏడో నంబరు గదికి చేరాను. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరవమంటే జనం తెరిచేవారు. ఇక్కడ అదంత తేలిక కాదు.

ఈ గదిలో బల్లకి అవతల కూర్చునేవాళ్లు డాక్టర్లే గాని ఇంకా చదువుకుంటున్నవాళ్లు. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్లు మనసు వైద్యం నేర్చుకోవడానికి వస్తారు. మొదటి నెలల్లో రోగులకంటే వాళ్లే ఎక్కువ భయపడతారు. రోగులు అది పసిగట్టి, పాపం, వాళ్లే ధైర్యం చెబుతారు.

హిమజ అలా వచ్చిన పిల్లే. ఊరు పలాస, తండ్రి బస్సు కండక్టరు. చేరి మూడు నెలలైంది. నాలుగు పేజీల ఫారం ముందు పెట్టుకుని ప్రశ్న వెనక ప్రశ్న అడిగేది. బల్ల కింద ఆమె కాలు మాత్రం ఒక్క క్షణం ఆగేది కాదు.

ఒక సోమవారం మైలపల్లి ఎర్రయ్య అనే చేపల వేటగాణ్ణి అతని భార్య నూకరత్నం తీసుకొచ్చింది. తమ్ముడు వెళ్లిన పడవ సముద్రంలో తిరగబడి, మనిషి దొరకలేదు. అప్పటినుంచి ఎర్రయ్యకి తిండీ నిద్రా లేవు, వల ముట్టడు, మాట్లాడడు. అతను నా మీద కూర్చున్నాడు. కదలలేదు. కూర్చున్న ప్రతివాళ్లతోనూ ఊగే నేను ఆ మనిషి కింద బండలా ఉండిపోయాను. నాకదేం బాగాలేదు.

హిమజ నిద్ర గురించి అడిగింది, ఆకలి గురించి, తాగుడు గురించి అడిగింది. నాలుగో పేజీ చివరికొచ్చేసరికి కలం ఆగింది. పక్కనే నిలబడ్డ భార్య వైపు ఒకసారి చూసింది. ఏదో రాసేసి, మాత్రలిచ్చి, రెండు వారాల్లో రమ్మంది. బయట ఇంకా ముప్పైమంది ఉన్నారు.

ఒంటిగంటకి ప్రొఫెసరు శకుంతల మేడం ఫైళ్లు చూడటానికొచ్చారు. ఎర్రయ్య ఫైలు దగ్గర ఆగారు.

"చనిపోవాలన్న ఆలోచనలు లేవు అని రాశావు. ఇది అతనన్న మాటా, నీ మాటా?"

అతనన్న మాటే అంటే సరిపోయేది. నిజమా అని ఆరా తీసేవాళ్లెవరూ లేరు. హిమజ తలవంచుకుంది.

"నేను అడగలేదు మేడం. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయమేసింది."

"అడిగితే పుట్టదమ్మా. ఉంటే బయటికొస్తుంది. వెళ్లి తీసుకురా."

హిమజ పరిగెత్తింది. ఫైల్లో ఉన్నది పక్కింటివాళ్ల నంబరు. మేడం రెండుసార్లు ఫోను చేశారు, ఎవరూ ఎత్తలేదు. ఆవిడ కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. అరగంట గడిచింది.

ముగ్గురూ తిరిగొచ్చారు. కదులుతున్న బస్సుని డాక్టరమ్మ అరచేత్తో బాది ఆపిందని నూకరత్నం చెప్పింది. ఎర్రయ్య మళ్లీ నా మీద కూర్చున్నాడు. హిమజ ఫారం తెరవలేదు.

"ఎర్రయ్యగారూ, చచ్చిపోవాలని మీకు అనిపిస్తోందా?"

ఎర్రయ్య తలెత్తి ఆమెని చూశాడు.

"పది దినాలబట్టి ఈ మాట ఎవులైనా అడుగుతారేటోనని సూత్తన్నానమ్మా," అన్నాడు. "ఈయాల ఇంటికెల్లాక ఇంక సాలనుకున్నాను."

అప్పుడతనికి వణుకు పుట్టింది. నా పొట్టికాలు గచ్చు మీద టకటకా కొట్టుకుంది. నూకరత్నం గోడకి చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రోజే వార్డులో చేర్చుకున్నారు. భార్య పక్కనే ఉంది. నెల దాటాక వచ్చి, ఇంకా వేటకి పోలేదనీ, వలలు బాగుచేస్తున్నాననీ చెప్పాడు. అన్నం తింటున్నాడట.

ఆ సోమవారం అందరూ వెళ్లాక హిమజ వచ్చి నా మీద కూలబడింది. ఈ చదువు తనవల్ల కాదనీ, మానేస్తాననీ అంది. మేడం వాదించలేదు.

"నేను మొదటేడులో ఆ ప్రశ్న అడగని మనిషి ఒకాయన ఉన్నాడు. వెనక్కి పిలుచుకురమ్మని నన్నెవరూ పంపలేదు," అన్నారు. తర్వాత, "నువ్వు రాత్రిళ్లు నిద్రపోతున్నావా?" అన్నారు.

హిమజ ఏడ్చింది. ఆ వారం ఆవిడే సెలవిప్పించి ఇంటికి పంపారు. తిరిగొస్తుందని నేననుకోలేదు. వచ్చింది.

హిమజ మూడో ఏడులో ఉండగా నా కాలు విరిగింది. వెనక వరండాలో తుప్పు మంచాల పక్కన పడేశారు. మనుషులు ఏ వస్తువునీ ఒక్కసారిగా పారేయరు, ముందు కంటికి కనపడనిచోట పెడతారు. అక్కడికే ఒక సాయంత్రం హిమజ ఇద్దరు కొత్త జూనియర్లని తీసుకొచ్చింది. ఒకరు రోగిగా, ఒకరు డాక్టరుగా నటించాలి, డాక్టరు ఆ ప్రశ్న పైకి అనాలి. కుర్రడాక్టరు సిగ్గుతో నవ్వాడు. హిమజ నవ్వలేదు. ఫారం కింద పెట్టి మళ్లీ అడగమంది. అతను అడిగాడు.

రోగిగా కూర్చున్న అమ్మాయికి ఆ ప్రశ్న నటనలా వినపడలేదు. చేతుల్లోకి చూసుకుంటూ ఉండిపోయింది. హిమజ ఆ కుర్రవాణ్ణి లోపలికి వెళ్లమని, తను ఆమె పక్కన నేలమీద కూర్చుంది.