ఎనిమిదిని ఆరు చేసిన రోజు

మా సర్జరీ విభాగంలో ఒక కాగితముంది. పిత్తనాళంలో రాళ్లకు చిన్న కన్నాలతో చేసే కీహోల్ ఆపరేషన్ ముందు, అది ఎంత కష్టమో పదికి మార్కులు వేసే కాగితం. రాళ్లెన్ని, ఎంత పెద్దవి, నాళం ఎంత ఇరుకు, పిత్తాశయం అంతకుముందు వాచిందా... అన్నిటికీ గళ్లు. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా నింపి, బల్ల మీద బోర్లా పెట్టి, ఒకేసారి తిప్పాలి. ఏడు దాటితే రోగిని కూర్చోబెట్టి, వేరే దారులతో సహా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ పద్ధతి పెట్టింది నేనే. అందుకే దాన్ని తొక్కే హక్కూ నాదేననుకున్నాను.

ఆ రోజు రోగి మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ. థియేటర్ నర్సు. పద్దెనిమిదేళ్లుగా నేను చెయ్యి చాపకముందే కత్తెర అందించిన మనిషి. కళ్లు పచ్చబడి వచ్చింది. వేరే ఊళ్లో ఉన్న కూతురికి పన్నెండు రోజుల్లో కానుపు.

"చిన్న కన్నాలతో అయిపోతుందిగా డాక్టర్ బాబూ? దానికిది తొలి కానుపు. పక్కన నేనుండాలి," అంది.

"మూడో రోజుకి ఇంట్లో ఉంటావక్కా. నేనున్నాగా!"

కాగితాలు తిప్పాం. జూనియర్ డాక్టరమ్మ ఎనిమిది వేసింది. నేను ఆరు.

"వాపు గడిలో సున్నా వేశారేంటి సార్? ఆవిడ రెండుసార్లు నొప్పితో మంచం పట్టారట."

"అది గ్యాసని ఆవిడే చెప్పింది. నీ భయానికి కూడా మార్కులేస్తున్నావా తల్లీ?"

చుట్టూ అందరూ నవ్వారు. ఆ పిల్ల ముఖం మాడ్చుకుని, రబ్బరు తీసి ఎనిమిదిని ఆరు చేసింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి. స్కానులో పాత వాపుకి గుర్తుగా పిత్తాశయం గోడ దళసరిగా ఉండటం నేను కళ్లారా చూశాను. అయినా అంతమంది నర్సుల ముందు, పెద్దక్క ఆపరేషన్ నా చేతికి కష్టమని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

లోపల అంతా అతుక్కుపోయి ఉంది. ఏది నాళమో తేల్చుకోడానికే రెండు గంటలు పట్టింది. చివరి రాయి మొండికేసింది. నాలుగో గంటలో పొట్ట కోశాను. రాళ్లైతే వచ్చాయి గానీ, ఐదో రోజు నుంచి కుట్టు దగ్గర పిత్తం కారడం మొదలైంది. జ్వరం, ఆ పిత్తం పట్టడానికి పక్కన వేలాడే సంచీ.

పదకొండో రోజు కూతురికి నొప్పులొచ్చాయి. ఫోన్లో ఆ పిల్ల "అమ్మా, ఎప్పుడొస్తావే?" అని ఏడుస్తోంది. పెద్దక్క ఫోను చెవికి అదుముకుని "ఊపిరి తీసుకో నాన్నా, ఊపిరి తీసుకో" అంటూనే ఉంది. ఆ రెండు మాటలకే ఆమెకు ఆయాసమొస్తోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. లోపలికెళ్లే ముఖం లేదు.

మనవరాలు క్షేమంగా పుట్టింది. మర్నాడు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసీ మొత్తం చెప్పేశాను. సున్నా, నవ్వులు, రబ్బరు.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నిజానికి ఎంత వెయ్యాలి బాబూ?"

"ఎనిమిది."

పెద్దక్క కిటికీ వైపు తిరిగింది.

"ఆ మాట అప్పుడే చెప్పుంటే, నోట్లోంచి గొట్టం దింపించుకుని, అప్పటికి పిత్తం దిగేలా నాళంలో ఓ పైపు పెట్టించుకుని, ముందు నా పిల్ల దగ్గరికి పోయేదాన్ని. కానుపయ్యాక వచ్చి మీ బల్లెక్కేదాన్ని," అంది.