మురుగు కాలువలో రెల్లు

టీ కేటిల్ చల్లారిపోయినా అత్తాకోడళ్ల వాదన చల్లారలేదు.

"రేపు కాలువ నీళ్లకు మన వంతు. నిండా పెట్టి, మడిలో ఉప్పు కడుగుతాం. ఏటా చేసే పనేగా!" అంది ఐత్‌బికె, రొట్టె తుంచుతూ.

"కడిగిన ఉప్పు ఎక్కడికి పోవాలత్తయ్యా? వెనకాల ఆ నీళ్లు పోవాల్సిన మురుగు కాలువ నిండా రెల్లే. చుక్క కదలదు," అంది కోడలు బీబీసారా.

"రెల్లు వేళ్లతో పీకేస్తే ఏటా పశువుల కొట్టం మీద ఏం కప్పను? నీ తలగుడ్డా?"

కొడుకు తిలేవ్‌బాయ్ కిసుక్కున నవ్వి, తల్లి చూపు తగలగానే టీ గిన్నెలో మొహం దాచుకున్నాడు. నిన్న అతనన్న మాట బీబీసారా మరిచిపోలేదు. ఈ ఏడు కూడా టమాటా మాడిపోతే ఆ మడిలో ఇటుకల కొట్టం కట్టేస్తాడట. చుట్టూ ఉన్న పత్తి చేలల్లో ఆమెను అడిగేవాళ్లు లేరు. ఇంటి వెనక ఈ కాస్త నేలలోనే ఆమె మాటకు విలువ. అదీ పోతే?

నిరుడు మడిని ఒకసారి కడిగింది చాలదని మళ్లీ నింపారు. పూత సమయానికి మొక్కలు నాటిన గట్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, ఆకుల అంచులు మాడాయి. నీళ్లు చాలలేదంది అత్త. ఎక్కువయ్యాయని కోడలి అనుమానం.

ఇక మాటలతో లాభం లేదనుకుని బీబీసారా పార పట్టుకుని మడిలోకి నడిచి తవ్వడం మొదలెట్టింది. వెనకే శాలువా కప్పుకుంటూ ఐత్‌బికె వచ్చింది.

"ఈ చలిలో ఎవరికే గొయ్యి, నాకా?"

"మీకైతే ఇంకా లోతుగా తవ్వుతాను కదా!"

ముసలామె నవ్వు ఆపుకోలేకపోయింది. "నోరు చూడు దీనికి!"

మోకాలి లోతుకే గోతిలో నీరూరింది. ఈ ఏడు ఇంకా ఎవరూ నీళ్లు పెట్టనేలేదు. బీబీసారా గిన్నెతో ముంచి అందించింది. ప్రతి వసంతంలో చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, ఇక్కడ క్యారెట్ వేయి, అక్కడ బీట్‌రూట్ తప్ప ఏదీ బతకదు అని చెప్పే మనిషి ఐత్‌బికె. వేలు ముంచి నాకి, తుపుక్కున ఉమ్మేసింది.

"పైమట్టి ఇంత ఉప్పగా లేదే!"

"నీళ్లు పోయే దారి లేక కింద నిలిచాయి. మనం పోసేకొద్దీ అవే ఉప్పును మోసుకుని పైకొస్తున్నాయి."

ఐత్‌బికె శాలువా బిగించి రెల్లు వైపు తిరిగింది. "గొయ్యి పూడ్చకు, అందులో నీరు తగ్గుతుందేమో చూడాలి," అని మాత్రం చెప్పి వెళ్లిపోయింది. కాసేపటికి పక్కింటి సపర్‌బాయ్ వాకిట్లో ఆమె గొంతు వినిపించింది.

సాయంత్రం అందరూ భోజనాలకు కూర్చున్నారు. మనవల గిన్నెల్లో వేడి పులుసు పోస్తూ ఐత్‌బికె గొంతు పెంచకుండానే చెప్పింది:

"రేపటి నీళ్లు సపర్‌బాయ్‌కి ఇచ్చేశాను. వాళ్ల వంతు వచ్చినప్పుడు మనం పెట్టుకుంటాం. ఈలోగా కాలువలో రెల్లు మొదలంటా తీసేస్తాం. తిలేవ్, పొద్దున్నే పారలకు పదును పెట్టు."

"మరి కొట్టం కప్పు?"

"ఇటుకలు కొంటానన్నావుగా, వాటి బదులు రేకు కొను. మడి మడిగానే ఉంటుంది." తర్వాత గరిటె కోడలి గిన్నె వైపు తిప్పింది. "నారు మాత్రం ఈసారి గట్టు పైన వద్దు పిల్లా, పక్క వాలున పెడదాం. ఉప్పు చేరేది పైకే."