మూడు నీళ్లలో కడిగిన ఆకు

రెండు నెలలుగా నా ఆకు పనిచేయడం లేదు. నా ఆకు అంటే మా అత్తయ్య బాల్కనీ కుండీలో పెంచే తీగ ఆకు. దాన్ని ఎండబెట్టి, పొడిచేసి, సారం తీసి, ల్యాబులో ప్లేట్లలో పెంచిన రక్షణ కణాల మీద వేస్తే అవి ఒక్కసారిగా లేచి, గాయం మాన్పే పనికి దిగేవి. రెండేళ్లు అలాగే జరిగింది. ఇప్పుడు అదే ఆకు, అదే కొలత, అవే కణాలు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఎవరి మీద పడాలో తెలియక అందరి మీదా పడ్డాను. కణాలు పంపే కంపెనీవాళ్లతో ఫోన్లో గొడవ. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు సరిగ్గా వేయడం లేదని మా టెక్నీషియన్‌తో గొడవ. అతన్ని మేమంతా గడియారం అంటాం. తొమ్మిదింటికి రమ్మంటే తొమ్మిదింటికే వస్తాడు, అడగాల్సిన ప్రశ్న మాత్రం రెండు నెలలు ఆలస్యంగా అడుగుతాడు.

ఇంట్లో ఇంకో తలనొప్పి. ఆకు మొండికేయడానికి కొద్ది రోజుల ముందే షుగరున్న అత్తయ్యకు చెప్పు కరిచి బొటనవేలి పక్కన పుండు పడింది. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, "ఎందుకమ్మా, నీ ఆకుందిగా! ఇంట్లో ఇంత చదువుకున్నదాన్ని పెట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరగనా?" అని ఆకు నూరి కట్టుకుంది. నేను కసరాల్సింది. సిగ్గు లేకుండా మురిసిపోయాను.

ఇవాళ ఉదయం గడియారం ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"మేడమ్, కోప్పడనంటే ఒక మాట."

"కోప్పడతాను. చెప్పు."

"ఫ్రీజర్లో పాత పొడి మిగిలుంటే తీశా. బాక్టీరియా మురికిని పట్టేసే మందు కలిపి చూశా. ఉత్తగా వేస్తే పనిచేసింది, మందు కలిపితే పాతది కూడా పనిచేయలేదు."

కాగితం లాక్కుని అంకెలు చూశాను. బాక్టీరియా చచ్చినా వాటి పెంకు ముక్కలు చాలు, రక్షణ కణాలు ఎగిరి గంతేస్తాయి. ఏ సారమైనా కణాలను లేపిందంటే ముందు మురికిని అనుమానించాలి. పిల్లలకు ఏటా ఈ పాఠం చెప్పేది నేనే. నా ఆకు దగ్గరికొచ్చేసరికి కళ్లు నెత్తికెక్కాయి. మొదట్లో ఒకసారి మురికి పరీక్ష చేస్తే అంకె ఎక్కువే వచ్చింది. పరికరాన్ని తిట్టి, ఆ కాగితం సొరుగులో పడేశాను.

"మరి కొత్త ఆకుల్లో ఆ మురికి ఏమైంది?"

"ఎవరైనా కడుగుతున్నారేమో మేడమ్."

అత్తయ్యకు ఫోన్ చేశాను.

"కడగనా మరి? పుండు మీద పెట్టుకునేదాయె! మూడు నీళ్లలో కడిగి, ఆఖర్న కాచిన నీళ్లు పోస్తున్నా. నీకిచ్చేవీ వాటిలోవే. ఏం, తప్పా?"

"తప్పేం లేదత్తయ్యా. ఇంటికొస్తున్నా."

కట్టు విప్పితే గుప్పున వాసన కొట్టింది. వేలి అంచు నల్లబడింది. ఒకే ఇంట్లో తిరుగుతూ, ఆ కట్టు ఒక్కసారి విప్పి చూడలేదు నేను. ప్లేట్లలోని కణాలను మాత్రం గంటకోసారి చూశాను.

"నెమ్మదిగా పనిచేస్తోందిలే," అంది అత్తయ్య.

"అందులో ఏమీ లేదత్తయ్యా. ఇన్నాళ్లూ పనిచేసింది ఆకు కాదు, దాని మీది మురికి."

ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది. "అయ్యో, అయితే కడిగి నీ పని పాడుచేశానా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు, నా మీద. "ముందు మీ కాలి సంగతి చూసుకోండి!" అని అరిచి, కారెక్కించాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వేలిని నొక్కి చూసింది. వేలు తీసేయాలి, పాదం దక్కుతుందో లేదో రెండు రోజుల్లో చెబుతానంది.

"దీని మీద ఏం పెట్టారు?"

అత్తయ్య నా వైపు చూడకుండా, "ఏం పెట్టలేదండీ. నేనే అశ్రద్ధ చేశా," అంది.

నా పరువు కాపాడుతోంది మహాతల్లి! వేలు పోతుందని విన్నాక కూడా.

"అబద్ధం," అన్నాను. "ఆకు ముద్ద పెట్టుకున్నారు. పనిచేస్తుందని చెప్పింది నేనే."

డాక్టరమ్మ రాసుకుంటూ, "మీరేం చేస్తుంటారు?" అని అడిగింది.

"గాయాలు మానడం మీద పరిశోధన," అని చెప్పాను.