చక్కగా తెరుచుకున్న పారాచ్యూట్

ఏటా సీజను ఊపందుకునే ముందు, విమానంలోంచి దూకేవాళ్లందరినీ షెడ్డులో కూర్చోబెట్టి క్లాసు పీకడం ఆవిడ పని. క్లబ్బులో భద్రత చూసేది ఆవిడే. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ అక్క. కోపమా, ముక్కుమీదే ఉంటుంది. ఆవిడ మాట్లాడుతుంటే వెనక గోడకు జారబడి వినడం మొగుడి పని. ఆయన దూకడు, వీళ్లను పైకి తీసుకెళ్లే విమానం నడుపుతాడు.

ఈసారి గోడమీద వేసి చూపించిన ప్రమాదాల లెక్కలో గీత కిందికి దిగుతోంది. దూకేవాళ్లు పెరిగారు, దూకి ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లు తగ్గారు. అందరి మొహాలూ వెలిగిపోయాయి. అక్క ఊరుకుంటుందా? సంబరపడింది చాలు, ఏ రకం చావులు తగ్గాయో చూడండంది. మనిషి మర్చిపోయినా తనంతట తానే పారాచ్యూట్ తెరిచే పరికరం వచ్చాక, పారాచ్యూట్ తెరుచుకోక చనిపోయేవాళ్లు బాగా తగ్గారు. ఇప్పుడు పోతున్నవాళ్లలో చాలామందికి పారాచ్యూట్ చక్కగా తెరుచుకుందట. నేల దగ్గరపడ్డాక వేగం కోసం గిర్రున మలుపు తిప్పి, తేరుకునే ఎత్తు లేక నేలకు కొట్టుకున్నారట.

"కొత్తవాళ్లనుకునేరు. కాదు, చెయ్యి తిరిగినవాళ్లే. ఈమధ్యే, వేగం ఎక్కువుండే చిన్న పారాచ్యూట్‌కి మారినవాళ్లు. వద్దని చెప్పే మనిషి లేనివాళ్లు. మనలో అలాంటివాళ్లు ఎవరున్నారో చూసుకోండి," అంది అక్క.

అన్ని తలలూ రాకెట్టు వైపు తిరిగాయి. అన్నిటికీ తొందరే కాబట్టి ఆ కుర్రాడికి ఆ పేరు పెట్టారు. పాపం, వాడి చిన్న పారాచ్యూట్‌ని పోయినేడే లాక్కుని, పెద్దది చేతిలో పెట్టింది అక్క. అయినా అందరూ పడీపడీ నవ్వారు.

మొగుడు నవ్వలేదు. చెయ్యి తిరిగిన మనిషి అక్కే. పోయిన నెలే చిన్నదానికి మారిన మనిషి. అక్కకు అడ్డు చెప్పేంత ధైర్యం క్లబ్బులో ఎవడికుంది? ఆ మాటకొస్తే ఇంట్లో మాత్రం ఎవరికుంది?

సాయంత్రం ఆయన, ఆవిడ దూకేటప్పుడు వేసుకునే బట్టలు ఉతకబోతే, మోకాళ్ల దగ్గర పచ్చగడ్డి మరక కనిపించింది. వాటిని పట్టుకుని వంటింట్లోకొచ్చాడు. నిన్న దిగేటప్పుడు మలుపు తిప్పుతూ కాస్త కిందికి వచ్చేశాననీ, గడ్డి రాసుకుందనీ, కుర్రాళ్లు చప్పట్లు కొట్టారనీ ఆవిడ తేలిగ్గా చెప్పేసింది.

"దీన్ని క్లబ్బు ప్రమాదాల పుస్తకంలో ఎక్కడ రాశావు?"

"ఏం జరిగిందని రాయాలండీ?"

"నువ్వు చెప్పిన గుర్తులన్నీ నీకే ఉన్నాయి."

ఆవిడ మొహం ఎర్రబడింది. "నా పాఠం నాకే అప్పజెప్తున్నారా? నేను ఎత్తు లెక్క చూసుకునే మలుపు తిరుగుతాను."

"ఆ పోయినవాళ్లూ చూసుకునే తిరిగుంటారు," అన్నాడాయన. ఆవిడ పొయ్యి కట్టేసి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు ఆయన విమానం తాళంచెవి జేబులో వేసుకుని, ఆ చిన్న పారాచ్యూట్‌తో ఆమెను ఎక్కించుకోనని భీష్మించాడు. ఎక్కాల్సినవాళ్లంతా బరువులు మోసుకుని ఎండలో నిలబడ్డారు. బావగారి ఇంటి గొడవ విమానం దాకా వచ్చిందని రాకెట్టు వేళాకోళం చేశాడు. అక్క, ఉద్యోగం మానేసిన పాత పైలట్‌కి ఫోను కొట్టింది. ఆ పైలట్ రాగానే తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. అందరూ చూస్తున్నారు. మొగుడికి తల కొట్టేసినట్టయింది. తాళంచెవి ఇచ్చేశాడు.

ఇన్నేళ్లలో ఆవిడ దిగడం ఆయన కింద నిలబడి చూసింది లేదు. ఎప్పుడూ పైనే ఉండేవాడు. తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టింది. రంగురంగుల పారాచ్యూట్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అన్నిట్లోకీ చిన్నది, ఎర్రది, వేగంగా దగ్గరికొస్తోంది. అంత చప్పుడు చేస్తుందని ఆయనకు తెలీదు. తిప్పొద్దు, తిన్నగా వచ్చెయ్, తల్లీ, అని గొణుక్కున్నాడు. నిన్న అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటాను, వచ్చెయ్.

ఎర్రది మలుపు తిరిగింది.

ముందే దిగినవాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు. మొన్నటికన్నా కిందికి వచ్చిందని రాకెట్టు ఈల కూడా వేశాడు. అంతలోనే చప్పట్లు ఆగిపోయాయి. అప్పటికే ఆయన పరుగెత్తుతున్నాడు.

ఆవిడ కదలడం లేదు. పారాచ్యూట్ మాత్రం ఎక్కడా ఒక్క చిరుగు కూడా లేకుండా, పక్కనే గడ్డిమీద మెల్లగా వాలుతోంది.